చికున్‌గున్యా: జ్వరం తగ్గాక గడిచిన నెలలు

2024 సెప్టెంబరు 12వ తేదీ గురువారం నాడు, మధ్యాహ్న భోజన విరామం ముగిశాక తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడానికి మామూలుగానే మెట్లెక్కి వెళ్లాను. ఆ పీరియడ్ పూర్తయి కిందికి దిగే సమయానికి రెండు చీలమండలూ పట్టేసి, రెయిలింగ్ పట్టుకోనిదే అడుగు పడని స్థితి వచ్చింది. వయసు నలభై ఐదు దాటింది కనుక కాళ్ల నొప్పులు నాకు కొత్త కావు. గంట ముందు జాడ కూడా లేని నొప్పి గంట తరువాత అంత తీవ్రంగా ఉండడం మాత్రం ఎన్నడూ ఎరుగను. సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వస్తుంటే బ్రేకు నొక్కడానికి వేళ్లు సహకరించలేదు. వనస్థలిపురంలో మా ఇంటి గేటు దగ్గర బండి ఆపేసరికి ఒళ్లంతా వణుకు పుట్టింది, థర్మామీటరు పెట్టి చూస్తే 103 ఉంది. జలుబు లేదు, దగ్గు లేదు, గొంతు నొప్పి లేదు.

ఆ రాత్రి జ్వరం కంటే ఒళ్లు నొప్పులే ఎక్కువ బాధపెట్టాయి. నడుము, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు, చీలమండలు అన్నీ ఒకేసారి నొస్తుండడంతో ఒక పక్క నుంచి మరో పక్కకు తిరగాలన్నా మావారిని లేపవలసి వచ్చింది. దుప్పటి పైకి లాక్కోవడానికి కూడా వేళ్లలో పట్టు లేదు. వినాయక చవితి నవరాత్రులు కావడంతో వీధి చివర మండపంలో పాటలు అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉన్నాయి. మామూలు రోజుల్లో వాటిని పట్టించుకోని నాకు ఆ రాత్రి ఒక్కొక్క డప్పు దెబ్బా కళ్ల వెనక తగిలినట్టే ఉంది. పారాసిటమాల్ 650 మాత్ర వేసుకుంటే జ్వరం ఒకటి రెండు డిగ్రీలు దిగేది గాని నొప్పి మీద దాని ప్రభావం ఏమీ కనిపించలేదు.

మరునాడు శుక్రవారం ఉదయం దగ్గరలోని క్లినిక్‌కు వెళ్లాము. ఆ వారం అక్కడ కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఫీజు 400 రూపాయలు. డాక్టరు గారు నాడి, నాలుక చూసి, కాళ్లు నొక్కి, డెంగీ సీజను కనుక పరీక్షలు తప్పవన్నారు. కింద ఉన్న ల్యాబులో రక్త కణాల లెక్క, మలేరియా, టైఫాయిడ్, డెంగీ ఎన్‌ఎస్‌1, చికున్‌గున్యా కార్డు పరీక్ష అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా చేస్తున్నారు. దానికి 1,900 రూపాయలు తీసుకున్నారు. సాయంత్రానికి వచ్చిన కాగితం మీద డెంగీ లేదు, మలేరియా లేదు, చికున్‌గున్యా కూడా లేదని ఉంది. ప్లేట్‌లెట్లు 1,68,000, తెల్ల కణాలు కొంచెం తక్కువ. ఏదో వైరల్ జ్వరం అని రాసి, మూడు రోజుల మాత్రలిచ్చి పంపారు. ఏమీ లేదని కాగితం చెబుతున్నప్పుడు మంచం దిగలేకపోతున్నానని పదే పదే చెప్పడం నాకే సిగ్గుగా అనిపించింది.

శనివారం ఉదయం అనంతపురం నుంచి మా అత్తమ్మ వచ్చారు. మేము ఫోనులో నొప్పుల సంగతి చెప్పగానే రాత్రి బస్సెక్కేశారు. చెప్పులు విప్పి నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి, నుదుటి మీద చెయ్యి వేయకుండానే, "పాపా, పిడికిలి బిగించు, చూస్తా" అన్నారు. సగం దాకా ముడిచి ఆగిపోయాను. ఆపైన వేళ్లు రాలేదు. "ఇది ఉత్త జొరం గాదు, కీళ్ల జొరమే. మాకందరికీ వచ్చిండేది ఇదే" అని ఆమె తేల్చేశారు. 2006లో రాయలసీమ జిల్లాల్లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లనే పడకేసినప్పుడు వాళ్లింట్లో ఒక్కరూ మిగలలేదట. మామయ్య గోడ పట్టుకుని నడవడం, పశువులకు నీళ్లు పెట్టడానికి కూడా మనిషి దొరక్కపోవడం ఆమె చాలాసార్లు చెప్పేవారు. నేను వాటిని పాత కథలుగా వినేదాన్ని. ఒకసారి వచ్చినవాళ్లకు ఈ జబ్బు మళ్లీ రావడం చాలా అరుదని తరువాత డాక్టరు గారు చెప్పాక, ఇంట్లో నాకు దగ్గరగా మసలడానికి ఆమే తగిన మనిషి అని మాకు అర్థమైంది.

ఆదివారం నాడు ఇంటికి వచ్చిన ప్రతివారూ ఒకే సలహా ఇచ్చారు. ఫలానా చోట ఒక ఇంజెక్షన్ చేస్తారు, మంచం మీద మోసుకెళ్లిన మనిషి నడిచి తిరిగి వస్తాడు, రెండు వందలే. మా పై అంతస్తులో ఉండే ఆమెకు వారం ముందే ఇలాంటి జ్వరం వచ్చి, ఆ ఇంజెక్షన్ తీసుకుని, అదే సాయంత్రం వంట చేసుకున్నదన్న మాట నిజమే. అది నేను కళ్లారా చూశాను. ఆమె చీటీ తెప్పించి చూస్తే అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు రెండూ ఉన్నాయి. అప్పటికి నాకు వాటి గురించి పెద్దగా తెలియదు గాని, ఫార్మసీ చదివిన మా తమ్ముడు ఫోనులో, "అక్కా, డెంగీ కాదని గట్టిగా తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఏ నొప్పి మాత్రా ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పాడు. డెంగీ అయితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావం ముప్పు పెంచుతాయి; మొదటి రోజుల్లో ఈ రెండు జబ్బులనూ లక్షణాలు చూసి విడదీయడం వైద్యులకే కష్టం. పై అంతస్తు ఆమెకు రెండు వారాలు తిరగకముందే నొప్పులు మరింత పట్టుతో తిరిగి వచ్చాయి, ఆమె మళ్లీ అదే ఇంజెక్షన్‌కు వెళ్లారు. నన్ను చూసి జాలిపడినవాళ్లు అప్పటికీ ఆమె తెలివినే మెచ్చుకునేవారు.

సోమవారం, అంటే జ్వరం మొదలైన ఐదో రోజు, మావారు సెలవు పెట్టి నన్ను ఒక పెద్ద ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆటోలో నుంచి దిగి లిఫ్టు దాకా నడవలేక చక్రాల కుర్చీ అడగవలసి వచ్చింది. బడిలో రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషికి ఆ కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. దారి పొడవునా తల దించుకునే ఉన్నాను. డాక్టరు గారు పాత రిపోర్టులు చూసి, నా రెండు మణికట్లనూ ఒకేసారి పట్టుకుని మెల్లగా నొక్కారు. నేను అరిచాను. అప్పుడు ఆయన చెప్పిన విషయం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది.

శుక్రవారం చేసిన కార్డు పరీక్ష మన శరీరం తయారు చేసే ఐజీఎం అనే ప్రతిరక్షకాలను వెతుకుతుంది. అవి సాధారణంగా ఐదో రోజు దాటాకే రక్తంలో తేలతాయి. రెండో రోజున చేస్తే, జబ్బు ఉన్నా లేదనే వచ్చే అవకాశమే ఎక్కువ. మొదటి వారంలో వైరస్‌ను నేరుగా పట్టుకోవాలంటే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. ఆ ఆసుపత్రిలో దానికి 3,200 రూపాయలు అన్నారు. "చేయించుకుంటే రేపటికి తెలుస్తుంది, కానీ తెలిసినా నేనిచ్చే మందు మారదమ్మా. మరో నాలుగైదు రోజులు ఆగి, ఆ ఐజీఎంనే ల్యాబులో వెతికే ఎలైజా పరీక్ష చేయించండి, అది సరిపోతుంది. ఇప్పుడు నేను వదలకుండా చూడవలసింది డెంగీని" అని ఆయన అన్నారు. డెంగీ ఎన్‌ఎస్‌1 ఎలైజా, రక్త కణాల లెక్క మాత్రం మళ్లీ చేయించారు. ప్లేట్‌లెట్లు 1,42,000కి తగ్గాయి, డెంగీ లేదు. వైరస్‌ను చంపే మందు ఈ జబ్బుకు లేదని, ఆరు గంటల ఎడంతో పారాసిటమాల్, రోజుకు రెండున్నర మూడు లీటర్ల ద్రవాలు, పూర్తి విశ్రాంతి, నొప్పి ఉన్న కీళ్లకు బట్టలో చుట్టిన ఐసు, ఇంతే వైద్యమని చెప్పారు. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే రావాలని చీటీ వెనక తెలుగులో రాసిచ్చారు. అడ్మిట్ కావలసిన అవసరం లేదన్నారు.

ఇంకొక మాట కూడా ఆయనే చెప్పారు. జ్వరం మొదలైన మొదటి వారమంతా నేను పగలు కూడా దోమతెరలోనే ఉండాలట. మేము దోమతెర అంటే రాత్రి దోమలు కుట్టకుండా మనకు రక్షణ అనుకునేవాళ్లం. ఈ జబ్బును మోసే ఏడిస్ దోమ పగటి పూటే, ముఖ్యంగా తెల్లవారాకా సాయంత్రం చీకటి పడేముందూ కుడుతుంది. ఆ వారం నా రక్తంలో వైరస్ నిండుగా ఉంటుంది కనుక, నన్ను కుట్టిన దోమే కొన్నాళ్లకు ఇంట్లో మరొకరికి అంటిస్తుంది. అంటే ఆ తెర నా కోసం కాదు, మిగతావాళ్ల కోసం. ఆ సాయంత్రమే 650 రూపాయలకు మడత తెర కొని మంచం మీద వేశారు. నాకు అప్పటికే ఐదో రోజు.

మంగళవారం, సెప్టెంబరు 17, నిమజ్జనం నాడు జ్వరం పోయింది. మధ్యాహ్నం చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. ఆ తరువాత మళ్లీ నూరు దాటలేదు. చేతుల మీద, వీపు మీద ఎర్రటి దద్దుర్లు లేచి రెండు రోజులు విపరీతమైన దురద పెట్టాయి, నోట్లో చిన్న పుండ్లు వచ్చి కారం తినలేకపోయాను. ఇవన్నీ తగ్గుముఖం సూచనలేనని ఇంట్లో అందరం సంతోషపడ్డాము. శనివారానికల్లా లేచి తిరుగుతానని, ఆపై సోమవారం బడికి వెళ్తానని ప్రధానోపాధ్యాయురాలికి సందేశం కూడా పంపాను. మా అత్తమ్మ ఒక్కరే ఆ సంతోషంలో కలవలేదు. ఆమె వంటింట్లో నుంచి, "పొయ్యేది జొరం ఒక్కటే పాపా" అన్నారు.

20వ తేదీన ఎలైజాకు రక్తం ఇచ్చాను. ఫలితం మరునాడే వస్తుందనుకుంటే మూడు రోజులు పట్టింది. ఎందుకంటే ఎలైజా ఒక్కొక్కరికి విడివిడిగా చేసేది కాదు. ఒక పలకలో పట్టేటన్ని నమూనాలు పోగయ్యాక అన్నిటినీ కలిపి చేస్తారు, పైగా మధ్యలో ఆదివారం వచ్చింది. రక్తం ఇచ్చేముందే తరువాతి విడత ఎప్పుడు వేస్తారని అడిగితే ఈ నిరీక్షణ కొంత తప్పుతుంది. 1,100 రూపాయలు. 23న వచ్చిన కాగితంలో చికున్‌గున్యా ఐజీఎం పాజిటివ్ అని ఉంది. ఆ మాట చదివి నాకు ఊరట కలిగిందంటే మావారు వింతగా చూశారు. పది రోజులుగా పేరు లేని నొప్పితో పడి ఉన్న నాకు, ఒక కాగితం నా పక్షాన సాక్ష్యం చెప్పినట్టు అనిపించింది.

అప్పటికి ఇంట్లో నా పరిస్థితి ఇలా ఉండేది. తెల్లవారి నిద్ర లేచినప్పుడు వేళ్లు కర్రల్లా బిగుసుకుని ఉండేవి, అవి కదలికలోకి రావడానికి గంటన్నర పట్టేది. మడమలు నేలకు ఆనిస్తే ప్రాణం పోయేది కనుక మంచం దిగి మొదటి పదడుగులు పాదాల అంచుల మీద నడిచేదాన్ని. టూత్‌పేస్ట్ మూత తిప్పలేను, తిప్పినా నొక్కలేను. జడ వేసుకోవడానికి చేతులు వెనక్కి వెళ్లవు, అత్తమ్మ వేసేవారు. చీర కుచ్చిళ్లు పట్టుకోలేక నైటీలతోనే గడిపాను. గ్యాసు పొయ్యి నాబు తిప్పడం, చింతపండు పిసకడం, కుక్కరు మూత బిగించడం, తాళం చెవి తిప్పడం, ఇవన్నీ బొటనవేలితో ఎంత పని చేయిస్తాయో ఆ వేలు పోయాక గాని తెలియలేదు. మా ఇంట్లో ఒకటే పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి ఉంది, అది పిల్లవాడి గదిలో ఉంది. కింద కూర్చుని లేవలేక ఆ గదికి మకాం మార్చాను. రెండో వారంలో మరుగుదొడ్డి గోడకు 480 రూపాయల స్టీలు కమ్మీ బిగించాము. మొత్తం ఖర్చులో అంత సార్థకమైనది మరొకటి లేదు. పైకి ఎక్కడం కంటే మెట్లు దిగడం కష్టమని, కూర్చున్న చోటి నుంచి లేవడానికి చేతులు ఆనిస్తే మణికట్లు మరింత వాస్తాయని, నీళ్ల సీసా కంటే రెండు చేతులతో పట్టుకునే చెంబు నయమని, ఇలాంటివన్నీ ఎవరూ చెప్పకపోయినా రెండు మూడు రోజుల్లోనే తెలిసివస్తాయి.

25వ తేదీన, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికి జ్వరం వచ్చింది. అదే మెట్ల నొప్పి, అదే 103. వాడికి ముందు డెంగీ పరీక్ష చేయించి, పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, తెరలో పడుకోబెట్టాము. వాడు నాలుగో రోజున లేచాడు, పదో రోజుకు క్రికెట్ ఆడాడు. ఒకే ఇంట్లో, ఒకే జబ్బు. పిల్లల్లో, కుర్రవాళ్లలో కీళ్ల నొప్పులు త్వరగా వదులుతాయని, వయసు పైబడిన కొద్దీ, అందులోనూ ఆడవాళ్లలో, అవి నెలల తరబడి నిలుస్తాయని డాక్టరు గారు చెప్పినప్పుడు నాకు వచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. మావారికి రానే లేదు. వాడికి జ్వరం వచ్చిన వారంలోనే పురపాలక సిబ్బంది వీధిలో ఇల్లిల్లూ చూస్తూ వచ్చి, మా పక్క స్థలంలో కడుతున్న భవనం సెల్లారులో నిలిచిన నీళ్లలో టార్చి వేసి చూపించారు; నీళ్లు తేటగానే ఉన్నాయి, అందులో పిల్ల పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. స్లాబుకు క్యూరింగ్ కోసం పెట్టిన నీళ్లు అలా దిగి నిలిచాయట. మురికి కాలువల దగ్గర పొగ కొట్టించుకుంటే చాలనుకునే మా కాలనీవాళ్లకు ఆ తేట నీళ్లను చూశాకే శుక్రవారం డ్రై డే అంటే ఏమిటో అర్థమైంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, వారానికొకసారి పాత్రలన్నీ ఒంపేస్తే ఆ గొలుసు తెగుతుంది.

పథ్యం గురించి చెప్పకపోతే మా ఇంటి కథ పూర్తి కాదు. వంకాయ, గోంగూర, బంగాళాదుంప, చింతపండు, పెరుగు, ఇవేవీ పెట్టకూడదని అత్తమ్మ; అన్నీ తినవచ్చు, నీరసంగా ఉంది కనుక గుడ్డు, పప్పు, పండ్లు ఎక్కువగా తినమని డాక్టరు గారు. కొన్నాళ్లు అత్తమ్మ మాటే చెల్లింది, ఎందుకంటే వండేది ఆమె. దోసకాయ పప్పు, బీరకాయ, మిరియాల చారుతో నెల దాటింది. నాలుగు కిలోలు తగ్గాను. కాని ఆమె ఉదయాన్నే వావిలాకు వేసి కాచిన నీళ్లతో పోయించిన స్నానం మాత్రం నిజంగానే హాయినిచ్చేది. అది ఆకు గుణమో వేడి నీళ్ల గుణమో నేను తేల్చలేను, బిగుసుకున్న వేళ్లు ఆ నీళ్లలో మెల్లగా విచ్చుకునేవి. జ్వరం ఉన్న రోజుల్లో, వాపు ఎర్రగా ఉన్నప్పుడు చల్లదనం, తరువాత పొద్దుటి బిగుతుకు వెచ్చదనం అని ఫిజియోథెరపిస్టు కూడా తరువాత అదే చెప్పింది.

దసరా సెలవులకు ముందు చివరి పనిదినమైన అక్టోబరు 1న బడిలో చేరాను. ఉద్యోగం చేసేవాళ్లకు ఇది ఉపయోగపడవచ్చు: అనారోగ్య కారణంగా తీసుకునే, పూర్తి జీతం వచ్చే కమ్యూటెడ్ సెలవు ఒక రోజుకు అర్ధవేతన సెలవు ఖాతాలో రెండు రోజులు తరుగుతుంది, తిరిగి చేరడానికి డాక్టరు గారి ఫిట్‌నెస్ పత్రం కావాలి. ఆ రోజు చేరకపోతే దసరా సెలవులు కూడా ఆ ఖాతాలోనే కలిసిపోతాయేమోనన్న భయంతో రెండు మాత్రలు వేసుకుని వెళ్లాను. హాజరు పట్టికలో సంతకం చేస్తే అది నాది కానట్టే ఉంది. అదే వారంలో నేనిచ్చిన ఒక చెక్కు సంతకం సరిపోలలేదని తిరిగి వచ్చింది. బ్యాంకుకు వెళ్లి, వాచిన వేళ్లు చూపించి, కొత్త నమూనా సంతకం ఇవ్వబోతే అక్కడి అధికారి నవ్వి, "ఇప్పుడు మారిస్తే చేయి బాగయ్యాక మళ్లీ మార్చాలి మేడం, అప్పటిదాకా ఆన్‌లైన్‌లో కానివ్వండి" అన్నారు. మంచి సలహా. సుద్దముక్క పట్టుకోలేక పిల్లలతోనే బోర్డు మీద రాయించాను. ముక్కు మీదా బుగ్గల మీదా నల్లటి మచ్చ పరుచుకోవడం ముందుగా గమనించింది కూడా ఆరో తరగతి పిల్లే: "టీచర్, ముక్కుకు మసి అంటింది." ఈ జబ్బు తరువాత కొందరికి ముక్కు మీద అలా నల్లబడుతుందని, కొన్ని నెలల్లో దానంతటదే పోతుందని చర్మ వైద్యురాలు చెప్పారు. నాకు జనవరికి పోయింది. ఫీజు 600 తప్ప దానికేమీ ఖర్చు పెట్టలేదు.

సద్దుల బతుకమ్మ నాడు తాంబాళంలో గునుగు, తంగేడు పూలు పేర్చడానికి కూర్చుని పది నిమిషాలకే లేచిపోయాను. చప్పట్లు కొట్టే ఆటలో చేతులు కలపలేక పక్కన కుర్చీలో కూర్చున్నాను. అక్కడ కూర్చున్నవాళ్లలో నాకంటే చిన్నవాళ్లు ముగ్గురున్నారు, అందరికీ ఆ వానాకాలం జ్వరమే. ఒకరి వేళ్లు ఒకరం చూసుకున్నాము. ఆ సాయంత్రం నుంచి నాకు దిగులు కొంత తగ్గింది. ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చూసినా, జ్వరం లేదు కదా, రిపోర్టులు బాగానే ఉన్నాయి కదా, ఇంకా ఏమిటి అన్న ప్రశ్న వాళ్ల కళ్లలో కనిపించేది. నాలోనూ అదే ప్రశ్న ఉండేది. రాత్రిళ్లు ఇక జీవితమంతా ఇంతేనా అన్న ఆలోచనతో నిద్ర పట్టేది కాదు.

అక్టోబరు చివరికి కొంచెం తేలికపడి, దీపావళి తరువాత చలి మొదలవగానే మళ్లీ పాత స్థితికి వచ్చాను. కుడి మణికట్టు వాచి గడియారం పట్టలేదు. ఇక కీళ్లవాతం వైద్యులనే చూడాలని నిర్ణయించుకుంటే, అపాయింట్‌మెంటుకు రెండు వారాలు వేచి ఉండవలసి వచ్చింది. నవంబరు మూడో వారంలో చూసిన ఆ డాక్టరమ్మ ఫీజు 1,000. ఆమె వేళ్లను ఒక్కొక్క కణుపూ నొక్కి చూస్తూ, ఏవి వాచాయో బొమ్మ మీద గుర్తులు పెట్టుకున్నారు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు రాశారు. వాటికి మరో 3,400. చికున్‌గున్యా తరువాత మిగిలే కీళ్ల వాపు చూడడానికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లాగే ఉంటుంది కనుక అది కాదని తేల్చుకోవడానికే ఇవన్నీ. అది కాదని తేలింది. డెంగీ అనుమానం ఎప్పుడో తీరిపోయింది కనుక నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర, కడుపు మంట రాకుండా పాంటోప్రజోల్, రెండు వారాలకిచ్చారు. వాపు దిగింది, మాత్ర ఆపగానే మళ్లీ కొంత లేచింది. జబ్బు మొదలై మూడు నెలలు దాటినా తగ్గకపోవడంతో డిసెంబరు మధ్యలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టారు. అది అందరికీ పనిచేస్తుందన్న గట్టి ఆధారం లేదని, నెలలు గడిచేకొద్దీ చాలామందికి నొప్పులు వాటంతటవే తగ్గుతాయని ఆమె దాచకుండా చెప్పారు. ఆ మాత్ర ఎక్కువ కాలం వాడితే కంటి రెటీనా మీద ప్రభావం పడవచ్చు కనుక ముందుగా కంటి పరీక్ష చేయించమన్నారు. కీళ్ల జబ్బుకు కంటి ఆసుపత్రిలో కూర్చున్నాను. కంటిపాప పెద్దది కావడానికి మందు వేయించుకుని వచ్చాక ఆ రోజంతా బోర్డు మసకగానే కనిపించింది.

నాకు ఎక్కువ మేలు చేసిందని నేను నమ్మేది ఫిజియోథెరపీని. వారానికి మూడు రోజులు, సిట్టింగుకు 350. కరిగించిన వెచ్చటి మైనంలో చేతులను మణికట్టు దాకా ముంచి తీసి, పొరలు పొరలుగా అంటుకున్నాక ప్లాస్టిక్ సంచితో, తువ్వాలుతో చుట్టి పావుగంట ఉంచుతారు. విప్పాక ఆ వెచ్చదనంలోనే వేళ్ల కసరత్తు. పిడికిలి బిగించడం, బొటనవేలితో ఒక్కొక్క వేలి కొస తాకడం, మెత్తటి బంతి నొక్కడం. మొదటి వారం చిటికెనవేలిని తాకడానికే రాలేదు. నొప్పి పుట్టేదాకా చేయాలి, నొప్పి మిగిలేదాకా చేయకూడదని ఆ అమ్మాయి చెప్పిన కొలత నాకు బాగా పనికొచ్చింది: కసరత్తు చేసిన రెండు గంటలకూ నొప్పి తగ్గకపోతే మరునాడు సగమే.

ఫిబ్రవరిలో ఒక ఉదయం పేస్టు మూత తిప్పేశాక గాని తిప్పానని గమనించలేదు. మార్చి చివర ఉగాది పచ్చడికి చింతపండు నేనే పిసికాను; అత్తమ్మ పక్కనే నిలబడి చూశారు గాని చెయ్యి వేయలేదు. ఆ వారమే డాక్టరమ్మ హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపించారు. ఇది రాస్తున్న ఏప్రిల్ నాటికి మడమల నొప్పి లేదు, మెట్లు మామూలుగా దిగుతున్నాను. కుడి బొటనవేలి మొదలు దగ్గర మాత్రం ఎక్కువ కాగితాలు దిద్దిన రోజున సాయంత్రానికి నొస్తుంది. స్కూటీ బ్రేకు ఇప్పటికీ ఎడమ చేత్తోనే ఎక్కువగా పడతాను.

ఖర్చంతా కలిపి చూస్తే దాదాపు ముప్పై వేలు తేలింది. అందులో సగానికి పైగా జ్వరం తగ్గిన తరువాతదే: ఫిజియోథెరపీ, కీళ్ల వైద్యురాలి ఫీజులు, పరీక్షలు, మాత్రలు. ఆసుపత్రిలో చేరలేదు కనుక మా కుటుంబ బీమా నుంచి ఒక్క రూపాయి రాలేదు. బయటి రోగిగా చేసిన ఖర్చు మా పాలసీ పరిధిలోకి రాదట. పాలసీ కాగితంలో ఆ వాక్యం ఉంది, మూడో పేజీలో. ఫిట్‌నెస్ పత్రంతో పాటు ఐజీఎం రిపోర్టు అసలు కాపీని కూడా కార్యాలయం అడిగింది కనుక, సెలవు మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చేదాకా దాన్ని పారేయకుండా దాచాను. ఉత్తర్వు డిసెంబరులో వచ్చింది.